లోపలి మనిషి చెప్పాడట!

2025 మే 7న అబూ ధాబీలో ఒక ప్రకటన వెలువడింది. అమెరికాకు చెందిన వాల్ట్ డిస్నీ కంపెనీ, అబూ ధాబీకి చెందిన మిరాల్ సంస్థ ఒక ఒప్పందానికి వచ్చాయనీ, యాస్ ద్వీపంలో డిస్నీ థీమ్ పార్కు ఒకటి నెలకొల్పనున్నాయనీ దాని సారాంశం. నిర్మాణం, నిర్వహణ మిరాల్‌వి. పేరు, రూపకల్పన డిస్నీవి. ప్రపంచంలో డిస్నీ పేరుతో వెలిసే ఏడవ విహార కేంద్రం ఇది. ప్రకటనలో ఉన్న ముఖ్య విషయాలు ఇవే. తెరిచే తేదీని అందులో చెప్పలేదు. ఏయే రైడ్లు ఉంటాయన్న జాబితా ఇవ్వలేదు.

ప్రకటన వదిలిన ఆ రెండు ఖాళీలను జనం తమకు తోచినట్లు పూరిస్తున్నారు. కడప, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లోనూ, హైదరాబాద్ పాతబస్తీలోనూ ఎన్నో ముస్లిం కుటుంబాలకు గల్ఫ్‌తో తరాల అనుబంధం ఉంది. అన్నో, బావమరిదో, అల్లుడో అక్కడ ఉంటాడు. అతని ఫోను నుంచి ఇక్కడి ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. “పార్కులో ఫలానా రైడ్ పెడుతున్నారట. ఫలానా ఏడాది రమజాన్ పండుగకల్లా తెరుస్తారట. లోపల పనిచేసే మనిషి చెప్పాడట.” సాయంత్రానికి ఆ మాట ఇరుగు పొరుగుకు చేరుతుంది. మరునాడు మక్తబ్‌కు వచ్చిన పిల్లల నోట వినబడుతుంది. అప్పటికి అందులోని ‘అట’ రాలిపోయి ఉంటుంది. ‘పెడుతున్నారట’ అన్నది ‘పెడుతున్నారు’ అయి ఉంటుంది.

ఈ నెల మేము ప్రస్తావించదలచింది ఆ రాలిపోయిన ‘అట’ను గురించే. థీమ్ పార్కుకు వెళ్లవచ్చునా, వెళ్లరాదా అన్నది ఇక్కడ మా చర్చనీయాంశం కాదు. షరీఅత్ విధించిన హద్దులకు లోబడి, స్తోమతకు మించకుండా భార్యాబిడ్డలతో విహారానికి వెళ్లడాన్ని ఇస్లాం నిషేధించలేదు. ఒక వార్త ఎక్కడ పుట్టిందో తెలియకుండానే దానిని నమ్మడం, నలుగురికీ చెప్పడం, దాని మీద ఆశలూ డబ్బూ పెట్టడం సబబేనా అన్నదే మా ప్రశ్న. వినోదానికి సంబంధించిన వార్త కనుక ఇది చిన్న విషయమని తోచవచ్చు. అయితే ఏ అలవాటైనా చిన్న విషయాలతోనే మొదలవుతుంది. పిల్లల ఆటల గురించి విన్నది విన్నట్లు చెప్పే నాలుక రేపు పొరుగింటి ఆడపడుచు గురించి కూడా అలాగే చెబుతుంది.

లోపలి మనిషి నిజాయితీపరుడైనా...

మొదట ఒక సంగతి గ్రహించాలి. ‘లోపలి మనిషి’ అబద్ధాలకోరు కానవసరం లేదు. తాను కళ్లారా చూసిందే చెప్పినా అతని వార్త తప్పిపోవచ్చు. పెద్ద థీమ్ పార్కుల్లో పని సాగే తీరే అందుకు కారణం. ఒక్క రైడ్ నిర్మించడానికి ముందు ఎన్నో ఆలోచనలు కాగితం మీదికి వస్తాయి. బొమ్మలు గీస్తారు, చిన్న నమూనాలు తయారు చేస్తారు, ఖర్చు లెక్క వేస్తారు. వాటిలో చాలా భాగం అక్కడే ఆగిపోతాయి. కొన్ని రూపం మార్చుకొని ఏళ్ల తరువాత మరో దేశపు పార్కులో ప్రత్యక్షమవుతాయి. అలాంటి నమూనాను చూసిన ఉద్యోగి “నేను చూశాను” అంటే అది సాక్ష్యం. “అది మన దగ్గరికి వస్తోంది” అంటే అది అతని ఊహ.

లోపలి మనిషి మాట అలా ఉంచి, యజమానులే నలుగురి ముందు ప్రకటించినవి కూడా ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. 1993 నవంబరులో డిస్నీ కంపెనీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆ దేశ చరిత్ర ఆధారంగా ఒక పార్కు నిర్మిస్తామని ప్రకటించింది. చరిత్రకారులూ స్థానికులూ వ్యతిరేకించారు. 1994 సెప్టెంబరులో, అంటే ఏడాది తిరగకముందే, ఆ ప్రయత్నం విరమించుకుంది. 2019 ఆగస్టులో అదే కంపెనీ ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ పార్కులో మేరీ పాపిన్స్ కథ మీద ఒక రైడ్ వస్తుందని తన అభిమానుల సభలో వేదిక మీది నుంచి చెప్పింది. మరుసటి ఏడు కరోనా వచ్చింది. ఆ రైడ్ అక్కడ వెలియలేదు.

గల్ఫ్‌లో మన వాళ్లకు తెలిసిన ఉదాహరణలే ఉన్నాయి. దుబాయ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ పార్కు నిర్మాణాన్ని 2007లో ప్రకటించారు. ప్రవేశ తోరణం కట్టారు కూడా. ఇంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. పార్కు రాలేదు. ఎడారిలో ఆ తోరణం ఒక్కటే ఏళ్ల తరబడి నిలిచి ఉంది. అదే దుబాయ్‌లో సిక్స్ ఫ్లాగ్స్ పార్కును నిధులు అందుబాటులో లేని కారణంగా కొనసాగించడం లేదని 2019లో వెల్లడించారు. మరొక ప్రక్క, 2016లో ప్రకటించిన అబూ ధాబీ సీవరల్డ్ 2023 మే నెలలో నిజంగానే తెరుచుకుంది. ప్రకటనకూ ప్రారంభానికీ మధ్య ఆరేళ్లకు పైగా గడిచాయి. కనుక ప్రకటించినవన్నీ వట్టివేనని మేము అనడం లేదు. సంస్థ యజమాని తన పేరు మీద, తన డబ్బుతో చెప్పిన మాటే ఇన్ని మలుపులు తిరుగుతున్నప్పుడు, పేరు చెప్పని మనిషి మాట మీద ఎంత బరువు మోపగలమో ఆలోచించమంటున్నాము.

వీటన్నిటికంటే ఆలోచింపజేసే ఉదంతం డిస్నీ కంపెనీ వ్యవస్థాపకుడిదే. వాల్ట్ డిస్నీ 1966లో ఫ్లోరిడాలో ఎప్‌కాట్ అనే పేరుతో భవిష్యత్ నగరాన్ని కట్టాలని సంకల్పించాడు. సుమారు ఇరవై వేల మంది నివసించే నగరమది. దాని పటాలు, నమూనాలు చూపుతూ స్వయంగా వివరించగా చలనచిత్రం తీశారు. అదే ఏడాది డిసెంబరు 15న ఆయన మరణించాడు. 1982లో ఎప్‌కాట్ పేరుతో తెరుచుకున్నది నగరం కాదు, ఒక థీమ్ పార్కు. ఆ పథకానికి అంతకంటే లోపలి మనిషి మరెవరు ఉంటారు? ఆయనకు కూడా రేపు ఏం కానున్నదో తెలియదు.

సూరా అల్ కహఫ్ 23, 24 ఆయతుల్లో అల్లాహ్ తన ప్రవక్తకు ఒక మర్యాద నేర్పాడు. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అన్న షరతును విడువరాదన్నదే ఆ బోధ. మనం ‘ఇన్షా అల్లాహ్’ అన్న మాటను నోటి అలవాటుగా అంటున్నాము కాని, భవిష్యత్తును గురించిన ప్రతి వార్తకూ అది అర్థవంతమైన షరతు. తన సొంత పనిని గురించే మనిషి ఆ షరతు లేకుండా మాట్లాడరాదు. అలాంటప్పుడు పరాయి సంస్థ రేపు ఏం కట్టబోతున్నదో గట్టిగా చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

చూసింది ఒకటి, ఊహించింది ఒకటి

మదీనాలో జరిగిన ఒక ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో వివరంగా ఉంది. దైవప్రవక్త (సఅసం) తన సతీమణులకు విడాకులు ఇచ్చారన్న మాట ఒక రాత్రి పట్టణమంతా వ్యాపించింది. హజ్రత్ ఉమర్ (రజి)కు ఆ వార్త తెచ్చినవాడు పరాయివాడు కాదు. ఆయన పొరుగున ఉండే అన్సారీ సోదరుడే. ప్రవక్త (సఅసం) సన్నిధికి ఒక రోజు ఒకరు, మరో రోజు మరొకరు వంతుల వారీగా వెళ్లి, విన్నది ఒకరికొకరు చెప్పుకునేవారు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు, వార్త లోపలి నుంచి వచ్చినది. మస్జిదుకు వెళ్లి చూస్తే మింబర్ దగ్గర కొందరు కూర్చొని ఏడుస్తున్నారు. నమ్మడానికి ఇంకేం కావాలి?

హజ్రత్ ఉమర్ (రజి) అక్కడితో ఆగలేదు. ప్రవక్త (సఅసం) ఉన్న గదికి వెళ్లి లోనికి రావడానికి అనుమతి కోరారు. మొదట జవాబు రాలేదు. మళ్లీ కోరారు. చివరికి అనుమతి లభించాక సూటిగా అడిగారు: విడాకులు ఇచ్చారా అని. లేదని జవాబు వచ్చింది. అసలు జరిగింది వేరు. ప్రవక్త (సఅసం) ఒక నెల పాటు సతీమణులకు ఎడంగా ఉండాలని నిశ్చయించుకొని వేరుగా ఉన్నారు. వేరుగా ఉండటం జనం చూసింది. విడాకులన్నది జనం ఊహించింది. ఆ రెండూ కలిసి ఒకే వార్తగా ఊరంతా తిరిగాయి. భద్రతకో, భయానికో సంబంధించిన కబురు అందగానే చాటింపు వేయక, దానిని ప్రవక్త ముందుకూ, విషయం తెలిసిన బాధ్యుల ముందుకూ తీసుకువెళ్లాలని బోధించే సూరా అన్నిసా 83వ ఆయతు ఈ సందర్భంలోనే అవతరించినట్లు ముస్లిం గ్రంథంలోని ఉల్లేఖనం తెలుపుతున్నది.

ఇదే పాఠాన్ని థీమ్ పార్కుల చరిత్రలోనూ చూడవచ్చు. 1965లో ఫ్లోరిడాలోని ఓర్లాండో ప్రాంతంలో ఎవరో రహస్యంగా భూములు కొంటున్నారని తెలిసింది. రకరకాల కంపెనీల పేర్ల మీద సుమారు 27,000 ఎకరాలు చేతులు మారాయి. కొంటున్నది కార్ల కంపెనీ అని కొందరు, విమానాల కంపెనీ అని మరికొందరు చెప్పుకున్నారు. చెప్పిన ప్రతివాడికీ లోపలి మనిషి ఒకడు ఉండే ఉంటాడు. స్థానిక దినపత్రిక ఓర్లాండో సెంటినెల్‌లో పనిచేసే ఎమిలీ బావర్ అనే విలేకరి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు, ఆ భూములు కొంటున్నది మీరేనా అని వాల్ట్ డిస్నీనే అడిగింది. ఆయన ఔనని చెప్పలేదు. కాని ఆయన తత్తరపాటునూ, ఫ్లోరిడా గురించి ఆయనకు ఉన్న లోతైన పరిజ్ఞానాన్నీ ఆమె గమనించింది. తిరిగి వచ్చి తన పేరుతో రాసింది. అక్టోబరు 24న పత్రిక తన బాధ్యత మీద దానిని పతాక శీర్షికగా ప్రచురించింది. ఆ వెంటనే రాష్ట్ర గవర్నర్ అది నిజమేనని ధ్రువీకరించాడు.

వార్తకు మూలమైన వ్యక్తినే అడగడం, చూసినదేదో ఊహించినదేదో వేరు చేసుకోవడం, చెప్పిన మాటకు తన పేరు తగిలించడం: ఈ మూడు పనులు చేసినవారు చెప్పింది నిలిచింది. ఈ మూడూ లేని పుకార్లన్నీ గాలికి పోయాయి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే కావచ్చు. ఫ్లోరిడాలో భూములు కొంటున్న మాట నిజమే, మదీనాలో ప్రవక్త (సఅసం) వేరుగా ఉన్న మాట నిజమే. అయినా పొగను చూసి మంట ఉందని మాత్రమే చెప్పగలం. ఎవరి ఇల్లు తగలబడుతున్నదో, పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో పొగ చెప్పదు.

పరంపర అడిగే శాస్త్రం

మేము ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్న హదీసు శాస్త్రంలో వార్తను తూచడానికి కొన్ని తూనికలు ఉన్నాయి. అవి ధర్మానికి సంబంధించిన ఉల్లేఖనాల కోసం రూపొందినవే అయినా, వాటి వెనుక ఉన్న వివేకం ప్రతి కబురుకూ పనికి వస్తుంది. నాలుగింటిని ఇక్కడ చెబుతాము.

మొదటిది, పేరు చెప్పని ఉల్లేఖకుడు. “ఒక మనిషి నాకు చెప్పాడు” అన్న ఉల్లేఖనంలోని ఆ మనిషిని ‘ముబ్‌హమ్’ అంటారు. అతడు ఎవరో తెలియదు కనుక అతని నిజాయితీని, జ్ఞాపకశక్తిని పరిశీలించే వీలు లేదు. అతని మాటను స్వీకరించరు. “నమ్మకమైన మనిషి ఒకడు చెప్పాడు” అంటేనో? హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) తన ‘నుఖ్బతుల్ ఫికర్’లో, అలా అన్నా స్వీకరించకపోవడమే సరైన అభిప్రాయమని తేల్చారు. కారణం స్పష్టమే. నీకు నమ్మకమైనవాడు, పేరు తెలిస్తే, ఇతరుల పరిశీలనలో నమ్మదగనివాడని తేలవచ్చు. ‘లోపల పనిచేసే నమ్మకమైన మనిషి’ అనే మాటకు ఆరు వందల ఏళ్ల క్రితమే జవాబు ఉంది.

రెండవది, సంఖ్య. “అందరూ అంటున్నారు, పది గ్రూపుల్లో వచ్చింది” అంటారు. ఉల్లేఖన శాస్త్రంలో పది మంది చెప్పినంత మాత్రాన పది సాక్ష్యాలు కావు. ఆ పది మందీ ఒక్కడి దగ్గరే విని ఉంటే అది ఒక్క సాక్ష్యమే. ఆ ఒక్కడు ముబ్‌హమ్ అయితే ఒక్కటి కూడా కాదు. ఒక వాయిస్ మెసేజ్ వెయ్యి ఫోన్లకు చేరినా గొంతు ఒక్కటే.

మూడవది, మూలాన్ని మరుగుపరచడం. తాను నేరుగా వినని మాటను, విన్నాడేమో అనిపించేలా డొంకతిరుగుడుగా చెప్పే ఉల్లేఖకుడిని ‘ముదల్లిస్’ అంటారు. అతడు “నేను విన్నాను” అనడు, “ఫలానావారి నుంచి” అని ఊరుకుంటాడు. “విశ్వసనీయంగా తెలిసింది”, “సమాచారం అందింది” అన్న మాటలు ఈ కోవలోవే. ఎవరికి తెలిసింది, ఎవరి నుంచి అందింది అన్నవి అందులో ఉండవు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: “నీవు స్వయంగా విన్నావా?”

నాలుగవది, కలిపిన మాట. ఉల్లేఖకుడు తన వివరణను అసలు వాక్యంతో కలిపి చెప్పగా, తరువాతివారు అంతా ఒకటే అనుకుంటే ఆ భాగాన్ని ‘ముద్‌రజ్’ అంటారు. థీమ్ పార్కుల పుకార్లలో ఎక్కువ భాగం ఇదే. కంపెనీలు పేటెంటు పత్రాలు దాఖలు చేస్తాయి. భూమి చదును చేయడానికి అనుమతులు తీసుకుంటాయి. అవి బహిరంగ పత్రాలు, ఎవరైనా చూడవచ్చు. అయితే పేటెంటు పత్రం చెప్పేది ఒక ఆలోచనను ఇతరులు వాడుకోకుండా కాపాడుకున్నారని మాత్రమే. దానిని నిర్మిస్తారని అది చెప్పదు. అనుమతి పత్రం చెప్పేది ఒక చోట నేల తవ్వుతారని మాత్రమే. ఆ గోతిలో ఏ రైడ్ లేస్తుందో చెప్పదు. పత్రం నిజం, దానికి అతికించిన రైడ్ పేరు ముద్‌రజ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన తెలుగువారు అన్నది ఇలాంటి వాటి గురించే.

నూరు అబద్ధాలలో ఒక నిజం

“కిందటిసారి అతను చెప్పింది నిజమైంది కదా!” ఇది తరచూ వినబడే వాదన. జోస్యులను గురించి ప్రవక్త (సఅసం)ను కొందరు ప్రశ్నించిన సంగతిని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. వారి మాటకు విలువ లేదని ఆయన చెప్పగా, ఒక్కోసారి వారు చెప్పింది నిజమవుతున్నది కదా అని ప్రజలు అడిగారు. జిన్ను దొంగిలించి తెచ్చిన ఒక్క నిజానికి వారు నూరుకు పైగా అబద్ధాలు కలుపుతారని ఆయన వివరించారు.

పుకార్లు చెప్పేవారిని జోస్యులతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. ఆ హదీసులో మనుషుల బలహీనత ఒకటి బయటపడింది. మనం నిజమైన ఒక్కదాన్ని గుర్తుంచుకుంటాము, తప్పిన నూరింటిని మరచిపోతాము. ఒకడు ఏడాదిలో ఇరవై రైడ్ల పేర్లు చెబితే ఏదో ఒకటి తగలకపోదు. తగిలిన రోజు “నేను ముందే చెప్పలేదా” అంటాడు. తగలని రోజు “చివరి నిమిషంలో మార్చేశారు” అంటాడు. ఏ విధంగా చూసినా అతను ఓడడు. తప్పని తేలే వీలు ఎన్నడూ లేని మాటకు నిజమని చెప్పుకునే అర్హత కూడా ఉండదు. హదీసు పండితులు ఉల్లేఖకులను పరీక్షించిన తీరు ఇందుకు భిన్నం. ఒకరు ఎన్ని సరిగ్గా చెప్పారో, ఎన్నింటిలో తడబడ్డారో రెండింటినీ లెక్కకు తీసుకున్నారు. తప్పులు మిక్కుటమైతే మంచివాడైనా సరే అతని ఉల్లేఖనాన్ని ప్రక్కన పెట్టారు.

పోయేదేముంది?

పోయేవి మూడు ఉన్నాయి.

మొదట పోయేది పిల్లల నమ్మకం. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోనులో “వచ్చే ఏడాది ఆ పార్కు తెరుస్తారు, నిన్ను తీసుకువెళ్తాను” అంటాడు. బిడ్డ రోజులు లెక్కపెడతాడు. పార్కు తెరవకపోతే తప్పు కంపెనీది కాదు, కంపెనీ ఆ మాట అననే లేదు. బిడ్డ దృష్టిలో అబద్ధమాడినవాడు తండ్రే. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన బాల్యంలో జరిగిన సంగతి ఉల్లేఖించారు. తల్లి ఆయనను, ఇలా రా, నీకు ఒకటి ఇస్తానని పిలిచింది. అక్కడే ఉన్న ప్రవక్త (సఅసం) ఏం ఇవ్వదలచావని ఆమెను అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పగా, ఏమీ ఇవ్వకుండా ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడి ఉండేదని హెచ్చరించారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ హదీసు ప్రతి తల్లికీ తండ్రికీ వర్తిస్తుంది. ఖర్జూరపు పండు విషయంలోనే అంత లెక్క ఉంటే, మన చేతుల్లో లేని పార్కును బిడ్డకు వాగ్దానం చేయడం ఎంత బాధ్యతారహితం!

రెండవది డబ్బు. కొత్త పార్కు పుకారు వెంటనే మరొక పుకారు నడిచి వస్తుంది: “అక్కడ వేల ఉద్యోగాలట. లోపల మనవాడు ఉన్నాడట. ఇప్పుడే లక్ష కడితే పేరు రాస్తాడట.” ఇది విని తల్లి మెడలోని బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధపడే యువకుడు ఉంటాడు. అటువంటివారికి మేము చెప్పగలిగింది ఇది. విదేశాల్లో ఉద్యోగానికి మనుషులను పంపే ఏజెంటు భారత ప్రభుత్వం వద్ద నమోదు అయి ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. హైదరాబాద్‌లో వలసదారుల రక్షణ అధికారి కార్యాలయం ఉంది. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. ఈ తలుపులు తట్టకుండా ‘లోపలి మనిషి’ తలుపు తట్టడం, వెలుగున్న వీధిని వదిలి చీకటి సందులో నడవడమే.

మూడవది మన మాటకు ఉన్న విలువ. విన్నదంతా చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న హెచ్చరిక ముస్లిం గ్రంథపు ముందుమాటలోనే ఉంది. అల్లాహ్‌కు నచ్చని పనుల్లో ‘ఖీల వ ఖాల’ ఒకటని మరో హదీసులో ఉంది. ‘ఖీల’ అంటే ‘అనబడింది’ అని. మన ‘అట’కు అరబీ రూపమే అది. గమనించదగిన విషయమేమంటే, అదే హదీసులో దాని సరసనే ధనాన్ని వృథా చేయడం కూడా ఉంది. ఈ రెండూ ఎలా తోడు నడుస్తాయో పైన చూశాము.

అడగడం అవమానం కాదు

ఆధారం అడిగితే ఎదుటివాడు నొచ్చుకుంటాడని చాలామంది మౌనంగా ఉండిపోతారు. పైగా, అనుమానం పాపం కదా అంటారు. నిజమే, సూరా అల్ హుజురాత్ 12వ ఆయతు మనుషుల పట్ల దురనుమానాన్ని వారించింది. అయితే అదే సూరాలోని 6వ ఆయతు, నమ్మదగని మనిషి వార్త తెస్తే నిగ్గు తేల్చుకోవాలనీ, లేకుంటే తెలియక ఎవరికో హాని చేసి తరువాత విచారించవలసి వస్తుందనీ హెచ్చరించింది. రెండు ఆజ్ఞలూ ఒకే సూరాలో ఉండటం గమనించండి. మనిషి పట్ల సద్భావం, వార్త పట్ల పరిశీలన: ఈ రెండూ ఒకే విశ్వాసి హృదయంలో ఇమడగలవు.

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) ఇంటికి వచ్చి మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్లిపోయారు. అది ప్రవక్త (సఅసం) నేర్పిన పద్ధతి అని తరువాత చెప్పారు. అబూ మూసా (రజి) ప్రముఖ సహచరుడు. అయినా హజ్రత్ ఉమర్ (రజి) మరొక సాక్షిని తెమ్మన్నారు. అబూ సయీద్ ఖుద్రీ (రజి) వెళ్లి సాక్ష్యం చెప్పారు. విషయం అంతటితో ముగిసింది. అడిగినవారి గౌరవం తగ్గలేదు, అడగబడినవారి గౌరవం అంతకన్నా తగ్గలేదు.

కనుక సోదర సోదరీమణులకు మా మనవి ఇది. ఇంట్లో ఇటువంటి వార్త వచ్చినప్పుడు దానిని తోసిపుచ్చనక్కరలేదు, నెత్తిన పెట్టుకోనక్కరలేదు. దాని మెట్టు ఏదో చూడండి. ఎవరో అంటున్నారా, యజమాని ప్రకటించాడా, నిర్మాణం సాగుతున్నదా, తలుపులు తెరిచారా అన్నవి నాలుగు వేరువేరు మెట్లు. మాట్లాడేటప్పుడు మొదటి మెట్టును నాలుగవ మెట్టుగా చెప్పకండి. మొదటి మెట్టు మీద కుతూహలపడవచ్చు, అంతే. రెండవ మెట్టు మీద ‘ఇన్షా అల్లాహ్’ అనుకోవచ్చు. టిక్కెట్టు కొనడం, సెలవు పెట్టడం, బిడ్డకు మాట ఇవ్వడం వంటివి నాలుగవ మెట్టు వరకు ఆగాలి. ఉద్యోగం మాట వచ్చినప్పుడు చేతిలో రాతపూర్వకమైన, నమోదైన ఏజెంటు ద్వారా వచ్చిన పత్రం ఉండాలి.

పిల్లలకు కూడా ఈ మెట్లు నేర్పండి. “అబ్బా, అక్కడ ఫలానా రైడ్ వస్తుంది” అని మీ కుమారుడు ఉత్సాహంగా వచ్చి చెబితే కసరకండి, నవ్వకండి. “ఎవరు చెప్పారు బేటా? వాళ్లకు ఎవరు చెప్పారు?” అని అడగండి. రెండవ ప్రశ్న దగ్గర వాడు ఆగి ఆలోచిస్తాడు. నేడు ఆట గురించి అలా ఆగి ఆలోచించిన బిడ్డ, రేపు ఒకరి పరువు గురించో, ఒక మస్జిదు గురించో, ఒక ఊరి శాంతి గురించో వార్త వచ్చినప్పుడు దానిని ముందుకు పంపే ముందు కూడా ఆగుతాడు. వినికిడి, చూపు, మనసు మూడింటినీ ప్రళయ దినాన విచారించడం జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయతు మనకు తెలియజేస్తున్నది. విన్నదానిని తూచి మాట్లాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.